గంటల లెక్కన వచ్చే పని: విమానాల రిపేర్ ఉద్యోగాలు దేశం దాటితే పాలమూరుకు ఏమొస్తుంది?

సంక్షిప్తంగా: ఒక దేశపు జాతీయ విమాన సంస్థ మెయింటెనెన్స్ ఉద్యోగాలు తగ్గించి పనిని విదేశాలకు పంపుతోందంటే, పని మొత్తం వెళ్ళిపోయినట్టు కాదు. రోజువారీ తనిఖీ విమానం దిగిన చోటే జరగాలి. వెళ్ళేది ఏళ్ళకోసారి వచ్చే హెవీ చెక్ అనే పెద్ద తనిఖీ, ఇంజిన్‌ను విప్పి బాగుచేసే ఓవర్‌హాల్. కూలి రేటు, పన్ను, ఖాళీగా దొరికే హ్యాంగర్ (విమానాల షెడ్డు) చూసుకుని అవి దేశాలు మారతాయి. అలాంటి పనిని అందుకునే చోట్లలో శంషాబాద్ ఒకటి. కానీ చౌక అని వచ్చిన పని ఇంకా చౌక దొరికితే అటే పోతుంది. అందుకే ఏ రకం పని వస్తోంది, దాన్ని ఏ హోదాలో చేస్తున్నాం అన్నది ఉద్యోగాల సంఖ్య కన్నా ముందు చూడాల్సిన విషయం.

క్వాంటాస్ ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సంస్థగా పెరిగి 1990ల్లో ప్రైవేటుపరమైన విమాన సంస్థ. తోక మీద కంగారూ బొమ్మ ఉంటుంది. మెల్‌బోర్న్ దగ్గర టలమరీన్‌లో ఉన్న హెవీ మెయింటెనెన్స్ బేస్‌ను మూసేస్తామని 2012 మే నెలలో ఈ సంస్థ ప్రకటించింది. దాదాపు 500 ఉద్యోగాలు పోయాయి. 2013 నవంబర్‌లో అవలాన్ బేస్ వంతు వచ్చింది, ఇంకో 300 మంది దాకా. అక్కడ జరిగే జంబో విమానాల పెద్ద రిపేర్లు విదేశాలకు వెళ్ళాయి. 2014 ఫిబ్రవరిలో సంస్థ మొత్తం మీద 5,000 ఉద్యోగాల కోత ప్రకటన వచ్చింది.

అక్కడి మెకానిక్‌కు ఇది ఉద్యోగం ఊడిన వార్త. ఇలాంటి వార్తే షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్ళకు ఇంకోలా వినిపిస్తుంది. అక్కడ పోయిన పని ఎక్కడో ఒకచోటికి రావాలి కదా, శంషాబాద్‌కు ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం పని రకాన్ని బట్టి మారుతుంది.

డిపో పని, వర్క్‌షాపు పని

ఆర్టీసీ బస్సును తలుచుకుంటే విమానాల రిపేర్ సగం అర్థమవుతుంది. రాత్రి డిపోకు చేరిన బస్సుకు టైర్లు, బ్రేకులు, ఆయిల్ చూసి, తెల్లారేసరికి రూటుకు పంపడం డిపో మెకానిక్‌ల పని. ఇంజిన్ విప్పాలన్నా, బాడీ మార్చాలన్నా వర్క్‌షాపుకు పోవాలి. విమానాల్లో డిపో పనిని లైన్ మెయింటెనెన్స్ అంటారు. విమానం దిగాక మళ్ళీ ఎగిరే లోపు చేసే తనిఖీ, రాత్రిపూట చిన్న రిపేర్లు ఇందులోకి వస్తాయి. కొన్ని వందల గంటలు ఎగిరాక చేసే ఎ-చెక్ కూడా దాదాపు ఇదే కోవలోది.

ఆ పైన ఉన్నది వర్క్‌షాపు పని. సుమారు ఏడాదిన్నర, రెండేళ్ళకోసారి సి-చెక్. ఆరు నుంచి పదేళ్ళ మధ్యలో, పాత లెక్కలో డి-చెక్ అనే మహా తనిఖీ. అప్పుడు సీట్లు, ఫ్లోరింగ్, లోపలి ప్యానెళ్ళు అన్నీ ఊడదీసి, విమానం అస్థిపంజరం దాకా చూస్తారు. ఎక్కడ తుప్పు పట్టింది, ఎక్కడ పగులు వచ్చింది అని అంగుళం అంగుళం వెతుకుతారు. పెద్ద విమానమైతే వారాల తరబడి హ్యాంగర్‌లోనే ఉంటుంది. పదివేల లెక్కన పనిగంటలు ఖర్చవుతాయి.

లైన్ పనిని విదేశాలకు పంపడం ఏ సంస్థకూ కుదరదు. మహబూబ్‌నగర్ డిపో బస్సుకు పంక్చర్ పడితే కర్ణాటకకు పంపి వేయించలేం కదా. హెవీ చెక్ అలా కాదు. విమానం తనంతట తానే ఎగిరి సింగపూర్‌కో మనీలాకో పోగలదు. మిగతా పరిశ్రమల్లో పని కోసం మనిషి దేశాలు దాటుతాడు, ఇక్కడ రిపేర్ కావాల్సిన వస్తువే పనివాడి దగ్గరికి పోతుంది. హెవీ చెక్ ఖర్చులో పెద్ద వాటా మనుషుల కూలిదే కాబట్టి, గంటకు ఎంత అన్న ప్రశ్న దగ్గరే బేరం తెగుతుంది.

ఇంజిన్లది దీనికి తలకిందుల లెక్క. రెక్క నుంచి దింపి, స్టాండ్‌కు బిగించి, కార్గోలో షాపుకు పంపుతారు. అక్కడ ఖర్చంతా ఎక్కువగా విడిభాగాలకే. కూలి చౌకగా ఉన్నంత మాత్రాన ఇంజిన్ షాపు రాదు. తయారీదారు అనుమతి, ఇంజిన్‌ను నడిపి పరీక్షించే టెస్ట్ సెల్, వందల కోట్ల పరికరాలు కావాలి. వచ్చిందంటే మాత్రం అంత తొందరగా లేచిపోదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఉద్యోగాల వార్తల్లో చాలా గందరగోళం తీరుతుంది.

సొంత షెడ్డు ఎందుకు బరువవుతుంది

మిర్యాలగూడ ఆయకట్టులో ఐదెకరాల రైతు వరికోత మిషన్ కొనడు. గంటకింత అని కిరాయికి పిలుస్తాడు. మిషన్ కొంటే ఏడాదిలో కొద్ది రోజుల పనికి పన్నెండు నెలల కిస్తీ కట్టాలి. విమాన సంస్థల ఆలోచన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. హ్యాంగర్, అందులోని వందలాది లైసెన్స్‌డ్ మనుషులు ఏడాది పొడవునా జీతం తింటారు. పండగలు, సెలవుల సీజన్‌లో ప్రతి విమానమూ గాల్లోనే ఉండాలి కాబట్టి అప్పుడు షెడ్డు ఖాళీ. సీజన్ అయిపోగానే చెక్‌లన్నీ ఒక్కసారి మీద పడతాయి. నాలుగు దేశాల సంస్థలకు పనిచేసే బయటి షాపుకు ఈ ఎత్తుపల్లాలు తక్కువ. ఒకరి ఆఫ్ సీజన్‌లో ఇంకొకరి సీజన్ నడుస్తుంటుంది.

దీనికి తోడు కొత్త విమానాలకు పెద్ద రిపేర్లు తక్కువ. బోయింగ్ 767కు నిర్మాణపరమైన పెద్ద తనిఖీ ఆరేళ్ళకోసారి ఉండేది. కాంపోజిట్ బాడీతో వచ్చిన 787కు అది పన్నెండేళ్ళు. అంటే పాత విమానాలు తీసేసి కొత్తవి కొన్న రోజునే కొంత పని మాయమైంది. అది ఏ దేశానికీ వెళ్ళలేదు. ఉద్యోగాలు విదేశాలకు పోయాయనే వార్తల్లో ఈ భాగం కనిపించదు. మేనేజ్‌మెంట్లకు ఇది అనుకూలమైన వాదన కూడా. యంత్రం వల్ల తగ్గిన ఉద్యోగాలెన్ని, చౌక కూలి కోసం తరలించినవెన్ని అన్నది కలగాపులగంగా చెప్పేయడం వాళ్ళకు సులువు.

ఇంజిన్ల విషయంలో రైతు కిరాయి పద్ధతిని తయారీదారులే తెచ్చారు. ఎగిరిన ప్రతి గంటకూ ఇంత అని కట్టు, రిపేర్ బాధ్యత మాది అనే ఒప్పందాన్ని 1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ మొదలుపెట్టింది. తర్వాత ఆ కంపెనీ రోల్స్ రాయిస్‌లో కలిసింది. ఇప్పుడు ఇలాంటి ఒప్పందాలు మామూలైపోయాయి. విమాన సంస్థకు ఖర్చు ముందే తెలుస్తుంది. సొంత ఇంజిన్ షాపు అవసరం పోతుంది. దాంతో ఆ పని తెలిసిన మనుషులూ సంస్థలో మిగలరు.

కిరాయి పద్ధతిలో ఉన్న చిక్కు నల్గొండ రైతుకు చెప్పక్కర్లేదు. వాన మబ్బు పట్టిన రోజున ఊరంతటికీ ఒకే మిషన్ కావాలి. 2023లో సరిగ్గా అదే జరిగింది. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్ల తయారీలో వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి, వందలాది ఇంజిన్లను ముందస్తు తనిఖీకి దింపాల్సి వచ్చింది. ప్రపంచమంతా షాపులు నిండిపోయాయి. ఇండిగో విమానాలు డజన్ల కొద్దీ నేల మీదే ఉండిపోయాయి. అంతకు కొద్ది నెలల ముందు, మే నెలలో, గో ఫస్ట్ అనే విమాన సంస్థ ఇంజిన్లు అందడం లేదని చెప్పి దివాలా పిటిషన్ వేసింది. షెడ్డు ఖర్చు మిగిలింది సరే, క్యూలో నిలబడిన ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలి?

చట్టం రాసుకున్నా ఆగలేదు

పని బయటికి వెళ్ళకుండా చట్టం ఎందుకు చేయరు అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చేశారు. ఆస్ట్రేలియాలో క్వాంటాస్‌ను అమ్మేటప్పుడు తెచ్చిన 1992 చట్టం ప్రకారం, అంతర్జాతీయ సర్వీసులకు వాడే సదుపాయాలు ప్రధానంగా ఆ దేశంలోనే ఉండాలి. మెయింటెనెన్స్ కూడా అందులో ఉంది. అయితే కేటరింగ్, ట్రైనింగ్, ఆఫీసు పని అన్నీ కలిపి మొత్తం మీద లెక్క చూస్తారు. అందుకే ఒకటి రెండు బేస్‌లు మూసినా చట్టం అడ్డు రాలేదు.

కెనడా ఇంకా గట్టిగా రాసుకుంది. ఎయిర్ కెనడాను ప్రైవేటుపరం చేసిన 1988 చట్టంలో విన్నిపెగ్, మాంట్రియల్, మిస్సిసాగా అని నగరాల పేర్లు పెట్టి మరీ, ఓవర్‌హాల్ కేంద్రాలు అక్కడ ఉండాలన్నారు. తర్వాత జరిగింది నిదానంగా చూడాల్సిన కథ. మొదట మెయింటెనెన్స్ విభాగాన్ని అనుబంధ సంస్థగా విడదీశారు. 2007లో దాన్ని ప్రైవేటు ఈక్విటీ సంస్థలకు అమ్మారు. దాని పేరు అవియోస్ అయింది. పాత యజమాని ఇప్పుడు కేవలం కస్టమర్. కస్టమర్ పని తగ్గించుకుంటే అడిగేవాడు లేడు. 2012 మార్చిలో అవియోస్ మూతపడి, దాదాపు 2,600 మంది రోడ్డున పడ్డారు. క్యుబెక్ కోర్టులు ఎయిర్ కెనడా చట్టాన్ని ఉల్లంఘించిందనే తీర్పు ఇచ్చాయి. చివరికి 2016లో పార్లమెంటు చట్టాన్నే సడలించింది.

ఎవరూ ఒక్క రోజులో ఉద్యోగాలు విదేశాలకు పంపలేదు. విభాగం కంపెనీ అయింది, కంపెనీ అమ్ముడుపోయింది, అమ్ముడుపోయిన కంపెనీకి పని తగ్గింది. ప్రతి మెట్టు దగ్గరా ఇది కేవలం పాలనాపరమైన మార్పు అనే మాటే వినిపించింది.

మన దేశంలో మొదటి మెట్టు ఇలాగే ఉంది, రెండోది వేరు. ఎయిర్ ఇండియా ఇంజినీరింగ్ విభాగం ఏఐఈఎస్ఎల్ అనే వేరే కంపెనీ అయింది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళినప్పుడు ఈ కంపెనీ వెళ్ళలేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. నాగ్‌పూర్‌లో బోయింగ్ కట్టించిన పెద్ద కేంద్రం సహా హ్యాంగర్లు దాని కిందే ఉన్నాయి. విమానాలు ఒకరివి, షెడ్లు ఇంకొకరివి అయ్యాయి. 777 విమానాల పెద్ద చెక్‌లకు ఎయిర్ ఇండియా టర్కీలోని టర్కిష్ టెక్నిక్ దాకా వెళ్ళింది. 2025 మే నెలలో భారత్, టర్కీ సంబంధాలు దెబ్బతిని, మన ఎయిర్‌పోర్టుల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే టర్కీ సంస్థ సెలెబీకి సెక్యూరిటీ అనుమతి రద్దయ్యాక, ఆ పనినీ వేరే చోటికి మార్చుకుంటామని సంస్థ చెప్పాల్సి వచ్చింది. మరోపక్క సింగపూర్‌కు చెందిన ఎస్ఐఏ ఇంజినీరింగ్ సాయంతో బెంగళూరులో సొంత బేస్ పెట్టుకునే పనిలో పడింది. వదిలేసిన షెడ్డు తిరిగి కట్టుకోవడం మొదటిసారి కట్టడం కన్నా ఖరీదైన వ్యవహారం.

సేఫ్టీ మాట

బయటివాళ్ళు చేస్తే ప్రమాదం, సొంతవాళ్ళు చేస్తే క్షేమం అనే మాట యూనియన్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. 1996 మే నెలలో అమెరికాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది చనిపోయారు. కాంట్రాక్టు మెయింటెనెన్స్ సంస్థ ఆక్సిజన్ జనరేటర్లను సరిగ్గా భద్రపరచకుండా కార్గోలోకి పంపడం దానికి మూలం. ఆ కాంట్రాక్టర్ విదేశీ కాదు, అదే దేశపు సంస్థ. 2002లో చైనా ఎయిర్‌లైన్స్ జంబో గాల్లోనే విడిపోయి 225 మంది పోయారు. 22 ఏళ్ళ కిందట తోక నేలకు తగిలినప్పుడు చేసిన లోపభూయిష్టమైన రిపేరే కారణమని తేలింది. ఆ రిపేర్ చేసింది సొంత సిబ్బందే.

తేడా ఉన్నది పర్యవేక్షణలో. హ్యాంగర్ వేరే దేశంలో ఉంటే ఇన్‌స్పెక్టర్ హఠాత్తుగా వెళ్ళి నిలబడటం కష్టం. వీసా, ముందస్తు సమాచారం, భాష అన్నీ అడ్డమే. అమెరికా సంగతే చూస్తే, సొంత దేశపు మెకానిక్‌లకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న డ్రగ్, ఆల్కహాల్ పరీక్షల నియమాన్ని విదేశీ రిపేర్ కేంద్రాలకు కూడా విస్తరిస్తూ అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తుది నిబంధన ఇచ్చింది 2024 డిసెంబర్‌లోనే. ఇన్నాళ్ళూ ఒకే విమానం మీద పనిచేసే ఇద్దరికి రెండు రూల్స్ ఉండేవన్నమాట.

శంషాబాద్‌కు ఎలా వచ్చింది

2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక, దాని పక్కనే ప్రత్యేక ఆర్థిక మండలిలో జీఎంఆర్ రిపేర్ కేంద్రం వచ్చింది. మొదట్లో ఇందులో భాగస్వామి మలేషియా ఎయిర్‌లైన్స్. అంటే ఒక జాతీయ విమాన సంస్థ తన ఇంజినీరింగ్ నైపుణ్యాన్ని పాలమూరు రోడ్డు మీదికి తెచ్చిందన్నమాట. 2014లో ఎంహెచ్370, ఎంహెచ్17 రెండు విమానాల విషాదాల తర్వాత ఆ సంస్థ 20,000 మంది సిబ్బందిలో 6,000 మందిని తగ్గించే ప్రణాళిక వేసుకుంది. శంషాబాద్ కేంద్రం తర్వాత పూర్తిగా జీఎంఆర్ చేతికి వచ్చింది. ఇప్పుడు దానికి మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏతో పాటు యూరప్ ఈఏఎస్ఏ, అమెరికా ఎఫ్ఏఏ అనుమతులున్నాయి. ఏఐఈఎస్ఎల్‌కు కూడా ఇదే ఎయిర్‌పోర్టులో హ్యాంగర్ ఉంది.

ఇన్నేళ్ళూ మన విమానాలే బయటికి వెళ్ళడానికి ప్రధాన కారణం కూలి కాదు, పన్ను. దేశంలో రిపేర్ చేయిస్తే 18 శాతం జీఎస్టీ ఉండేది. విమానాన్ని శ్రీలంకకో సింగపూర్‌కో పంపితే అంతకన్నా తక్కువలో తేలేది. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. 2024 జులైలో దిగుమతి చేసుకునే విమాన విడిభాగాలన్నిటికీ ఒకే రేటు, 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ), వర్తింపజేశారు. రిపేర్ కోసం తెచ్చిన సరుకును తిరిగి పంపే గడువును ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచారు. ఇవి పేపర్లో చిన్న వార్తలుగా వచ్చిపోయాయి. హ్యాంగర్ యజమాని మాత్రం వీటిని చూసే ఇంకో షెడ్డు కట్టాలా వద్దా అని తేల్చుకుంటాడు.

ఇంజిన్ల వైపు పెద్ద అడుగు 2025 నవంబర్ 26న పడింది. ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ కంపెనీ శంషాబాద్‌లో పెట్టిన లీప్ రకం ఇంజిన్ల రిపేర్ కేంద్రాన్ని ప్రధాని వీడియో ద్వారా ప్రారంభించారు. సుమారు 1,300 కోట్ల రూపాయల తొలి పెట్టుబడి. ఏడాదికి 300 ఇంజిన్ల దాకా సామర్థ్యం. 2035 నాటికి పూర్తి స్థాయికి చేరితే వెయ్యి మందికి పైగా సాంకేతిక సిబ్బంది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, వెయ్యి ఉద్యోగాలకు 1,300 కోట్లు, అదీ పదేళ్ళలో. నైపుణ్యం పరంగా ఇది గొప్ప విషయమే. ఉమ్మడి జిల్లాల నిరుద్యోగానికి మందు అనుకుంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

సంతకం ఎవరిది?

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక షాద్‌నగర్, కొత్తూరు కాగితం మీద రంగారెడ్డికి వెళ్ళాయి. అయినా జనం నోట్లో అవి ఇంకా పాలమూరే. ఎయిర్‌పోర్టుకు అంత దగ్గరగా ఉండటం వల్ల వచ్చే ఉద్యోగాలు రెండు అంతస్తుల్లో ఉంటాయి.

పై అంతస్తు లైసెన్స్‌డ్ ఇంజినీరుది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, డీజీసీఏ గుర్తింపు ఉన్న చోట ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) కోర్సు చేసి, మాడ్యూల్ పరీక్షలు పాసై, అనుభవం చూపిస్తే లైసెన్సు వస్తుంది. మెకానికల్ వైపు బి1, ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్ వైపు బి2. ఈ విమానం ఎగరొచ్చు అని సంతకం పెట్టే అధికారం వీళ్ళది. కింది అంతస్తు టెక్నీషియన్లది. ప్యానెళ్ళు విప్పేది, రేకు మార్చేది, పెయింట్ గీకేది వీళ్ళ చేతులే. హెవీ చెక్‌లో పనిగంటల్లో ఎక్కువ భాగం ఈ అంతస్తులోనే ఖర్చవుతుంది. చెక్ ఉన్నప్పుడు మనుషులు కావాలి, లేనప్పుడు వద్దు. కాబట్టి ప్రపంచమంతటా కాంట్రాక్టు పద్ధతి ముందుగా దూరేది ఇక్కడే.

పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యాములు, కాల్వలు కట్టడానికి రాష్ట్రాలు దాటిన తరాలు ఇక్కడివి. అలాంటి వలస కార్మికుల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. హ్యాంగర్‌లో పని ఇంటి దగ్గరికి ఎగిరి వస్తోంది. వలస లేదు, నెత్తిన షెడ్డు, యూనిఫాం, గేటు పాసు ఉన్నాయి. నడుమ మేస్త్రీ ఉన్నాడా లేడా, జీతం ఎవరి రోల్స్ మీద వస్తోంది అన్నది మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్ చూస్తేనే తెలుస్తుంది.

ఇదే మార్పు బస్ డిపోల్లోనూ నడుస్తోంది. ఎలక్ట్రిక్ బస్సులను కంపెనీలు తమ సొంతంగా ఉంచుకుని, మెయింటెనెన్స్ తామే చూసుకుని, కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ నుంచి తీసుకుంటున్నాయి. పాత డీజిల్ బస్సు మీద చేయి తిరిగిన డిపో మెకానిక్‌కు ఆ బస్సు బానెట్ ఎత్తే పని లేదు. టలమరీన్‌లో 2012లో మెకానిక్‌లకు వచ్చిన టెన్షన్ ఇక్కడి డిపో మెకానిక్‌లకు కొత్తేమీ కాదు.

శంషాబాద్ హ్యాంగర్లకు పోటీ కూడా ఇంటి నుంచే ఉంది. నాగ్‌పూర్‌లో ఏఐఈఎస్ఎల్ ఉంది, బెంగళూరులో ఎయిర్ ఇండియా కొత్త బేస్ వస్తోంది, సింగపూర్, మనీలా ఎప్పటి నుంచో ఉన్నవే. హెవీ చెక్ కాంట్రాక్టు కాలపరిమితి అయిపోయినప్పుడల్లా మళ్ళీ అందరి దగ్గరా రేటు అడుగుతారు. గంటకు ఎంత, ఎన్ని రోజుల్లో విమానం బయటికి వస్తుంది, ఆ సంతకాన్ని ఏయే దేశాలు ఒప్పుకుంటాయి అని చూస్తారు. ఇందులో మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబున్న హ్యాంగర్‌కు వచ్చే కాంట్రాక్టు ఏ కొద్ది ఏళ్ళకో, మూడింటికీ జవాబున్న చోటికి ఆ విమానాలు తిరిగి వస్తాయి.